నోటికి అడ్డం చెయ్యి

మా ఊళ్ళో అందరివీ గారపళ్ళే. ముదిగుబ్బకూ కదిరికీ మధ్య తారురోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే మెట్ట ఊరు మాది. తాగడానికి బోరు నీళ్ళు తప్ప ఇంకో నీళ్ళు లేవు. ముందు పళ్ళ మీద పసుపు రంగూ ఇటుక రంగూ చారలు, కొందరికి సన్నని గుంటలు. సర్పంచుకూ అవే పళ్ళు, గొర్రెలు కాసుకునే ఆయనకూ అవే పళ్ళు. అందరికీ ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఊళ్ళో తేడాగా కనబడింది నేనే. ఎనిమిదేళ్ళు నిండేదాకా తుంగభద్ర కాలువ పక్కన ఒక ఊళ్ళో మా అవ్వ దగ్గర పెరిగాను. అమ్మా నాయనా నన్ను తిరిగి తెచ్చుకున్నాక వీధి పిల్లలు "సున్నం పళ్ళు, సున్నం పళ్ళు" అని వెంటపడేవాళ్ళు. నోరు తెరవాలంటే భయంగా ఉండేది. ఒకరోజు ఎదురింటి పిల్ల, నా ఈడుదే, నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ళకు అడ్డం నిలబడింది. "ఇంగొక్కసారి అన్యారంటే మీ పళ్ళు రాలగొడతా" అంది. ఆ రోజు నుంచి తను నా స్నేహితురాలు.

తనది పెద్ద గొంతు. నవ్విందంటే వీధి చివర బోరింగు దగ్గర ఉన్నవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. ఊరి బడిలో పాఠం చదవాలంటే సారు తననే లేపేవాడు. రోజూ పొద్దున వాళ్ళ చేని గట్టు మీది వేపచెట్టు నుంచి రెండు పుల్లలు విరిచి, ఒకటి నాకిచ్చి, ఒకటి తను నమిలేది. ఇద్దరం బండ మీద కూర్చుని పళ్ళు తోముకునేవాళ్ళం. పెద్దయితే టీచరునవుతానని, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి బెత్తంతో నాలుగు పీకుతానని చెప్పేది. టీచరు అయి తీరుతుందని నేనూ నమ్మాను.

తొంభైల చివర, ఏడో తరగతి అయిపోయాక ఇద్దరినీ కదిరిలో హైస్కూలుకు వేశారు. రెండు మైళ్ళు నడక, తర్వాత బస్సు. కిటికీ పక్క సీటు నాకు పట్టి పెట్టేది. దారి పొడుగునా కబుర్లే.

ఆ స్కూల్లో సోమవారం సోమవారం ప్రార్థన అయ్యాక శుభ్రత తనిఖీ ఉండేది. వరుసలో నిలబడి గోళ్ళు చూపించాలి, జడలు చూపించాలి, ఆఖరున "ఈ" అని పళ్ళు చూపించాలి. మొదటి సోమవారం తనిఖీ మేడం నా స్నేహితురాలి ముందు ఆగింది.

"ఏం పాపా, పళ్ళు తోముకోవా నువ్వు?"

"తోముకున్యాను మేడం. పొద్దున్నే వేప్పుల్లతో తోమినాను."

వరుసలన్నీ గొల్లుమన్నాయి. మేడం చెడ్డ మనిషి కాదు. మురికిగా ఉన్న పిల్లలకు రోగాలొస్తాయని నిజంగా బాధపడే మనిషి. తనను కొళాయి దగ్గరికి పంపి, పక్కనే ఉన్న నన్ను చూసింది. నాదీ ఆ ఊరేనని తెలుసుకుని అందరికీ వినబడేట్టు, "చూడండి, ఒకే ఊరు, ఒకే నీళ్ళు. ఈ పాప ఎంత బాగా తోముకుంటాదో" అంది. అప్పటికప్పుడు నన్ను శుభ్రతకు లీడరును చేసింది. ఇక మీదట పళ్ళు చూసి, తోముకోనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాల్సింది నేనే.

నాకు ఆ మాట ఎంత తియ్యగా ఉండిందో దాచకుండా చెప్పాలి. ఊళ్ళో వెక్కిరింతలు తెచ్చిపెట్టిన పళ్ళు కదిరిలో నాకు పీట వేశాయి. టౌను పిల్లలు ముగ్గురు ఆ మధ్యాహ్నమే నన్ను తమ పక్కన అన్నానికి కూర్చోబెట్టుకున్నారు.

ఆ సాయంత్రం బస్సులో తను ఎప్పటిలాగే సీటు పట్టి పెట్టింది. బస్సు కదలగానే మెల్లగా అడిగింది.

"మే, నీ పళ్ళు అట్ల ఎట్లుండాయి? నువ్వేం చేస్తాండావో నాకూ చెప్పు."

నేనేం చేస్తానో నాకే తెలియదు. ఒకే చెట్టు పుల్ల, ఒకే బండ. తెలియదని అనొచ్చు. కానీ తెలియదంటే లీడరు పదవి ఉత్తదైపోతుందనిపించింది. "నువ్వు పైపైన తోముతావు. ఇంకా గట్టిగా, శానాసేపు తోమాల. మా అవ్వ నేర్పించింది" అన్నాను. పదమూడేళ్ళ వయసులో నేను ఆడిన అబద్ధం అది. దాని కంటే పెద్దవి తర్వాత ఆడి ఉంటాను గానీ, ఒక్కటీ ఇంతగా వెంటాడలేదు.

మరుసటి సోమవారం తన పేరు రాయకుండా వదిలేశాను. టౌను పిల్ల ఒకతి, "మీ ఊరి పాపని ఇడిసిపెట్టినావే?" అని గట్టిగా అంది. సుద్దముక్క తీసుకుని రాశాను. ఆ పై సోమవారం ఎవరూ అడగకుండానే రాశాను.

తను తోమడం మొదలుపెట్టింది. వేపపుల్ల పోయి ఉప్పు వచ్చింది. తర్వాత శెనక్కాయ పొట్టు కాల్చిన బూడిద. తర్వాత ఇటుక ముక్క నూరిన పొడి. ఒక్కో పొద్దున అరగంట సేపు తోమేది. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది. వాళ్ళమ్మ కూడా "గట్టిగా తోమే, టౌనుకు పోయే పిల్లవి" అని పక్కన నిలబడి ఇటుక నూరి ఇచ్చేది. ఆమె పళ్ళ మీదా అవే చారలు. ఊరంతా కూడబలుక్కున్నట్టు అది తోముడు లోపమేనని నమ్మింది. పక్కనే బండ మీద కూర్చుని నేను నా పుల్ల నములుతూ చూశాను.

దసరా సెలవులు వచ్చేసరికి తన చెయ్యి నోటి మీదికి చేరింది. మాట్లాడితే చెయ్యి, నవ్వితే చెయ్యి. కొన్నాళ్ళకు చెయ్యి అక్కడే ఉండిపోయింది, నవ్వు ఆగిపోయింది. తెలుగు మేడం పాఠం చదవమని లేపితే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడేది. గొంతు వచ్చేది కాదు. చదవడం రాదేమోనని ఆ మేడం కూర్చోబెట్టేసింది. ఊరి బడిలో అందరికన్నా బాగా చదివిన పిల్ల!

తొమ్మిదో తరగతిలో సోమవారాలు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. తర్వాత మంగళవారాలు కూడా. సంక్రాంతి దాటాక అసలే రాలేదు. వాళ్ళమ్మ ఒకరోజు మా ఇంటికి వచ్చి నా గడ్డం పట్టుకుని అడిగింది.

"ఏమైంది పాపా? బళ్ళో ఎవురన్నా ఏమన్నా అన్యారా? నాతో చెప్పదు అది."

"ఏం లేదత్తా" అన్నాను.

"అట్లయితే సదువు అబ్బల్యాదేమో లే" అనుకుంటూ వెళ్ళిపోయింది. తనను ఊళ్ళో శెనక్కాయలు ఒలిచే మిషను దగ్గర కాయలు ఏరే పనికి పంపారు. బస్సులో కిటికీ పక్క సీటు నేనే పట్టుకోవడం నేర్చుకున్నాను.

నేను ఇంటరులో ఉండగా ఇద్దరు మనుషులు జీపులో మా ఊరికి వచ్చారు. బోరింగు నీళ్ళు సీసాలో పట్టి, ఏదో మందు చుక్కలు వేసి చూసి, బోరింగుకు ఎర్రరంగు పూశారు. ఈ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుందని, పసితనంలో తాగితే లోపల తయారయ్యే పళ్ళకే ఆ రంగు పట్టుకుంటుందని, ఎంత తోమినా పోదని చెప్పారు. పరుగున మిషను దగ్గరికి పోయి తనకు చెప్పాను. శెనక్కాయలు ఏరుతూ విన్నది. ఏరడం ఆపి, చేతి వెనక నుంచి అంది.

"అంటే నేను సరిగ్గానే తోముకున్యాను కదా."

సరిగ్గానే తోముకున్నావని అన్నాను. నా అబద్ధం సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు. సిగ్గు, అంతే. అంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

తనకు కదిరి దగ్గరే ఒక ఊళ్ళో పెళ్ళయింది. టీచరును నేనయ్యాను. మా స్కూల్లో తనిఖీ ఉంది గానీ, పేర్లు బోర్డు మీద రాయనివ్వను. పళ్ళు చూపించమని ఎవరినీ అడగను. అంతమాత్రాన పాత లెక్క సరిపోయిందని నేననుకోను.

చాలా ఏళ్ళకు, రెండువేల పది దాటాక, తన ఊరికి పోయాను. వాకిట్లో సైకిలు, దానికి రెండు పక్కలా నీళ్ళ క్యాన్లు. ఏడేళ్ళ కూతురు గడప మీద కూర్చుని ఉంది. తను నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాఫీ ఇచ్చి, కూతుర్ని ముందుకు తోసింది.

"అత్తకు కొత్త పళ్ళు చూపీ."

పాప "ఈ" అంది. ముందు పాలపళ్ళు ఊడి, పెద్ద పళ్ళు రెండు కొత్తగా వచ్చాయి. తెల్లగా ఉన్నాయి.

"ఒక్క చార ల్యాదు, చూసినావా? పుట్టినప్పట్నుంచి బోరు నీళ్ళు నోట్లోకి పోనీల్యా. మొదట కొళాయి నీళ్ళు వచ్చే పక్కూరి నుంచి బిందెతో మోసినా. ఇప్పుడు సైకిలు మీద ఈ క్యాన్లు" అంది. తన గొంతులో చిన్నప్పటి బలం వినబడింది. నాకు ఏడుపొచ్చింది.

నేను కళ్ళు తిప్పి ఆడిస్తే పాప కిలకిలా నవ్వింది. నవ్వుతూ చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

తను చూపు దించుకుంది. "నన్ను చూసి నేర్చినాది. నీళ్ళు మార్చినా. ఇది మార్చడం నా చేత కాల్యా."

అప్పుడు చెప్పాను. "ఆ పొద్దు బస్సులో నీకు అబద్ధం చెప్పినా. గట్టిగా తోమాలని మా అవ్వ ఎప్పుడూ చెప్పల్యా."

"తెలుసు. ఇద్దరి పుల్లలూ విరిచింది నేనే కదా. నువ్వెంతసేపు తోమేదానివో పక్కనే కూసోని చూసినా."

"తెలిసీ ఎందుకు తోమినావు?"

"నువ్వు చెప్తివి కదా" అంది, అదేదో అడగాల్సిన మాటే కానట్టు. తర్వాత కూతురి భుజం పట్టి నా వైపు తిప్పింది. "దీనికి నువ్వే చెప్పు. టీచరువి. చెయ్యి తియ్యమని చెప్పు."

నేను పాప చెయ్యి పట్టుకుని కిందికి దించాను. "నీ పళ్ళు బాగుండాయి, దాచుకోవాల్సిన పని ల్యాదు" అన్నాను. పాప నా ముఖం చూడలేదు. వాళ్ళమ్మ ముఖం చూసింది. వాళ్ళమ్మ చెయ్యి ఇంకా నోటి మీదే ఉంది.