వంశం లేనివాళ్ల ముద్ద

దగ్గరికి జరిగి కూర్చోండి, మా మనవరాలికి గొంతు పెగిలిన సంగతి చెబుతాను.

పిల్ల ఇక్కడ అరవదేశంలోని ధర్మపురి కాలేజీలో జంతువుల చదువు చదువుతోంది. ఒకసారి క్లాసులో లేచి మాట్లాడమంటే మాట రాక నిలబడిపోయి, ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. ఈసారీ అలాగే అయితే చదువు మానేస్తానని నాతో చెప్పింది. ఈసారి చెప్పాల్సింది అడాపిడే అనే కుటుంబం గురించి. కోట్ల ఏళ్ల కిందట బతికి, ఒక్కటీ మిగలకుండా పోయిన కోతుల దూరపు చుట్టాలు అవి.

క్లాసులో చెప్పాల్సిన రోజుకు ముందురోజు మహాలయ అమావాస్య. మా ఇంట్లో మిద్దె గోడమీద కాకులకు పెద్దల ముద్ద పెట్టి, గోడ చివర ఇంకో ముద్ద పెడతాం. అది వంశం నిలవక, పెట్టే దిక్కు లేనివాళ్లకు.

నేను అన్నం కలుపుతుంటే పక్కన పిల్ల పుస్తకం పట్టుకుని గొణుగుతోంది.

"వాళ్లది ఏ ఊరే?" అన్నాను.

"ఎవురిది అవ్వా?"

"అదే, నువ్వు చదివే ఆ పోయినోళ్లది."

నవ్వింది. "యూరోప్ పక్క ఎక్కువ. అప్పుడు ఆడంతా అడవులే."

"ఏం తినేటోళ్లు?"

"ఆకులే ఎక్కువ. కొమ్మ పట్టుకోని నిదానంగా ఎక్కేవి."

హరూర్ కొండల్లో చిన్నప్పుడు చూసిన, పెద్ద కళ్లతో కొమ్మల మీద మెల్లగా పాకే దేవాంగపిల్లి గుర్తొచ్చింది. "దేవాంగపిల్లి మాదిరినా?"

"ఆ, దానికి దగ్గిరోళ్లు. మనకు దూరం."

"దూరమంటే? దాయాదులా?"

"దాయాదులే అనుకో. ఎప్పుడో మొదటి తాత ఒకడే."

"మరి ఎట్ల పోయినారు?"

"చలి ముదిరె, అడవులు తరిగిపాయ. ఇప్పుడు రాళ్లలో దవడ ఎముకలు దొరుకుతాయి, అంతే."

"అయ్యో, నీళ్లు వదిలేటోళ్లు కూడా లేరే!" అని చివరి ముద్ద కాస్త పెద్దది చేశాను.

"ఆకులు తినేటోళ్లకు సాంబారన్నమా అవ్వా?" అంటూ, ఆవుకోసం తెచ్చిన అవిసాకు కొంచెం తుంచి ముద్దమీద పెట్టింది. కాకి వచ్చి అన్నం తిని ఆకు వదిలేసింది.

"చూడు, వద్దన్నారు మీ దాయాదులు!" అన్నాను. ఇద్దరం నవ్వాం. అప్పుడు గమనించాను, ఇంతసేపూ పిల్ల ఎక్కడా తడబడలేదు.

"రేపు నేను ఎదురుగా కూర్చోని అడుగుతా వుండాననుకో. ఇట్లనే చెప్పు."

మర్నాడు సాయంత్రం బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది. "చెప్పేసినాను అవ్వా! దాయాదులంటే అరవంలో పంగాళి కదా, అవి మన పంగాళి అన్నాను. అందరూ నవ్వినారు."

గరిటె పక్కన పెట్టేశాను. "నువ్వేం చేసినావు?"

"నేనూ నవ్వినాను. మళ్లీ అడవుల దగ్గిరనించి ఎత్తుకున్నాను. కడదాకా చెప్పినాను."

చదువు మానే మాట మళ్లీ ఎత్తలేదు.

విన్న మీ ఇంట్లో అడిగే నోరూ చెప్పే నోరూ ఎన్నడూ మూగపోకూడదు. మీ పెద్దల ముద్ద మీ పిల్లల చేతుల మీదుగానే సాగాలి, గోడ చివరిదాకా రానే రాకూడదు.