ఓదెలు కాక వాల్వుసెట్టు

మొన్న ఒక పెళ్లి పందిట్లో పాత మైకుసెట్టు పెట్టగానే, వేడెక్కిన గాజు వాల్వు మీద దుమ్ము కాలే వాసన వచ్చింది. తింటున్న విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. మా ఆవిడ తల పట్టుకుంది. ఆమె ఓదెలు కాకను చూడలేదు. గోదావరిఖనిలో బొగ్గుబావి ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, బజార్లో మైకుసెట్ల దుకాణం పెట్టుకున్న మనిషి. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, కొన్నాళ్లు ఆటో నడిపి, పాతికేళ్లప్పుడు ఆయన దగ్గర చేరాను. అప్పటికి నాకొచ్చిన విద్య ఒక్కటే, వాగడం.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. అందరూ కొత్త ట్రాన్సిస్టర్ సెట్లకు మారినా కాక తన చేత్తో కట్టిన వాల్వుసెట్టును వదల్లేదు. దాని మోత తక్కువని పిలుపులు తగ్గి దుకాణం మూసే గతి వచ్చింది. చివరికి ఒక పెద్ద సభ దొరికింది. దాన్ని పెట్టించే తిరుపతన్న, జనానికి మాట అర్థం కాకపోతే మళ్లీ పిలవనని ముందే చెప్పాడు.

యంత్రాల మోతకు చెవులు మందగించిన ఊరు మాది. గట్టిగా మోగేదే మంచి మైకు. నేనూ అదే నమ్మాను. సభ రోజు పొద్దున కాక చాయ్‌కి వెళ్లినప్పుడు, సెట్టు చివరి నుంచి మళ్లీ మొదటి వాల్వుకు తిరిగొచ్చే తీగల జత కనబడింది. విప్పి చూస్తే శబ్దం రెట్టింపయింది. ముసలాయన ఇంత బలం దాచిపెట్టాడా అని మురిసిపోయాను.

కాక మైకు పరీక్ష వేరు. బావి మీద హాజరు మస్టర్ పిలిచినట్టు పేర్లు చదువుతాడు. దూరంగా కూర్చున్నవాళ్లు తమ పేరు తెలిస్తే చెయ్యెత్తాలి. చాయ్ హోటలు నుంచి పదిమందిని మైదానం చివరికి పంపి చదివాడు. మూడు చేతులు లేచాయి.

"ఊరంత మోగింది గద కాక, ఇంకేంది?" అన్నాను.

"మోగింది. ఎవనికి సమజైంది?" అని విప్పిన తీగలు చూశాడు. "ఒక్క స్వరం ఇస్తే మిషిన్ దానికి రెండింతల, మూడింతల ఎత్తు స్వరాలు సొంతంగ కలిపి పంపుతది, నీ లెక్కనే. గీ తీగె బయటికి పోయే ఆవాజ్‌ల చిటికెడు ఉల్టా చేసి మొదటికి తెస్తది. మిషిన్ కలిపింది కోసేస్తది. ఆవాజ్ తగ్గుతది, మాట మిగుల్తది."

మళ్లీ అతికించమన్నాడు. తొందరలో రెండు కొసలూ తారుమారు చేశాను. స్విచ్ వేయగానే సెట్టు పెట్టిన కేకకు కుక్కలు పారిపోయాయి. కాక గబుక్కున ఆపాడు.

"తగ్గమని చెప్పరా అంటే ఇంక పెరగమని చెప్తున్నవ్ దానికి. కొసలు మార్చు."

మార్చాను. శబ్దం సగానికి పడింది, దాంతోపాటు నా గుండె కూడా. కాక పేర్లు చదివాడు. పది చేతులూ లేచాయి. బావిలో డ్రిల్లు పట్టి చెవి పోగొట్టుకున్న పోచయ్య తాత చెయ్యి అందరికంటే ముందు లేచింది.

సాయంత్రం మైదానం నిండింది. వక్తలు ఆలస్యమయ్యారు, జనాన్ని కాసేపు ఆపమని కాక మైకు నా చేతికిచ్చాడు. మన బొగ్గు పట్నంలో ఏసీ అయింది, మన దగ్గర మాత్రం చెమట అయింది అన్నాను. అంతకుముందు, మైకు లేకుండా, నా జోకు ఎప్పుడూ ముందు వరుస దాటేది కాదు. ఆ రోజు పెద్దమనుషులు ఇంకా ఆలోచిస్తుండగానే, చివర గోడ మీద కూర్చున్న ఆడవాళ్ల దగ్గర నవ్వు పుట్టి ముందుకు వచ్చింది. తిరుపతన్న వచ్చి, ఇక సభలన్నీ ఈ సెట్టుకే అన్నాడు. దుకాణం నిలబడింది. రాష్ట్రం వచ్చిన రోజున ఊళ్లో మోగింది ఆ వాల్వులే.

నేను పొంగిపోయి చూస్తే, కాక మాత్రం తాపీగా అన్నాడు: "ఇగ నీ మాట అందరికి వినబడ్తది. ఏం మాట్లాడుతవో సూస్కో."

అప్పటి నుంచి మైకు పట్టగానే నా కళ్లు చివరి వరుసకు పోతాయి. అక్కడ కనుబొమలు ముడిపడితే గొంతు తగ్గిస్తాను. నవ్వితే మాత్రం, కాక క్షమించాలి, ఇంకొంచెం వాగుతాను.