ట్యాంకు దాటితే టిక్కెట్టు మారుతుంది

"బస్సు ఎటూ పైకే వస్తోంది కదా అన్నయ్యగారూ, ఎక్కి కూర్చోకూడదా? ఆ చెప్పులు అరిగిపోతే కొత్తవి టిక్కెట్టు ధరకి వస్తాయా?"

కిటికీలోంచి కండక్టరమ్మ మాట. నేను బస్సు పక్కనే నడుస్తున్నాను. నాతోపాటు దర్జీ, పాలబూతు ఆవిడ, ఇంకా మా వీధివాళ్లు. అందరం ఇప్పుడే నీళ్ల ట్యాంకు దగ్గర అదే బస్సు దిగినవాళ్లమే. ట్యాంకు దాటితే చార్జీ పెరుగుతుంది. ఆ పైన ఉన్నది ఒక్కటే స్టాపు, గుట్ట మీది మా కాలనీ. రోడ్డు ఎత్తు, బండి ముసలిది. మొదటి గేరులో మూలుగుతూ అది ఎక్కుతుంటే దాని పరుగూ మా నడకా ఒకటే. అందుకే లోపల మొదలైన కబుర్లు బయట కూడా తెగవు.

"నడిస్తే ఆరోగ్యం కండక్టరమ్మా," అన్నాడు దర్జీ.

"అవునవును. ట్యాంకు దాకా సీటు కోసం అందరినీ మోచేతులతో పొడుచుకుంటూ వచ్చారు. ఆ తర్వాతే ఆరోగ్యం గుర్తొచ్చింది."

కండక్టరమ్మ ఇల్లు డిపో గోడను ఆనుకునే ఉంటుంది. భర్త అక్కడే మెకానిక్కు. వంటింట్లో ఉండగా గోడ అవతల ఇంజను గురగురమంటే చాలు, "మీ దగ్గుల తాతయ్య లేచాడు, వెళ్లండి" అని ఆయన్ని తరుముతుంది. తాతయ్య అంటే మా బస్సే. పెళ్లయిన కొత్తలో ఆవిడకి బస్సు పడేది కాదు. "కడుపులో తిప్పే మనిషివి, నీకు కండక్టరు పనా" అని అత్తగారు నవ్వితే, "కూర్చుంటేనే తిప్పుతుంది అత్తయ్యా, కండక్టరుకి కూర్చునే తీరికెక్కడిది" అందట. ఇప్పటికీ తన సీట్లో తను కూర్చోదు. అక్కడ ప్రయాణికుల సంచులు కూర్చుంటాయి.

ఇవాళ మాత్రం హాస్యమాడుతూనే మాటిమాటికీ ముందు సీటు వైపు చూస్తోంది. ఈ నెలతో తాతయ్యకి విశ్రాంతి. డిపోకి వచ్చిన కొత్త బళ్లు పొడుగ్గా ఉన్నాయి, మా గుట్ట మీద వెనక్కి తిరగలేవు. పొట్టిది ఒక్కటే ఉంది. దాన్ని మార్కెట్టు రూటువాళ్లూ అడుగుతున్నారు. అది మాకు రాకపోతే ట్యాంకు దగ్గరే చివరి స్టాపు.

"మేనేజరుగారిని అనడానికేం లేదు," అంది. "ట్యాంకు పైకి టిక్కెట్లు ఏవమ్మా అంటున్నారు. తెగితే కదా చూపించడానికి? కొనేది మా పిన్ని ఒక్కతే."

పిన్ని అని కాలనీ అంతా పిలిచే ఆ పెద్దావిడ ముందు సీట్లోనే ఉంది, మోకాలి చికిత్సకి ఆసుపత్రికి వెళ్లి వస్తోంది. "ఇన్నాళ్లూ బస్సంతా నాకే వేశారన్నట్టు రాణిలా కూర్చున్నాను," అంది. "ఇకనుంచి నేనూ ట్యాంకు దగ్గర దిగి నడుస్తాలే. మీరంతా ఇల్లు చేరి, తిని, ఓ కునుకు తీసి లేచేసరికి వచ్చేస్తాను."

దర్జీ నవ్వబోయి సగంలో ఆపేశాడు. "వాన పడితే మేమూ ఎక్కుతాం కదమ్మా," అని గొణిగాడు.

"వానకి ఎక్కుతారు, మూట ఉంటే ఎక్కుతారు, జ్వరమొస్తే ఎక్కుతారు. మిగతా రోజులు బస్సు మీ కోసం ఎదురుచూడాలి. దానికి మీరేమన్నా అల్లుళ్లా?"

బస్సు పైకి చేరి ఆగింది. కండక్టరమ్మ ముందుగా దిగి భుజం ఇచ్చింది. పిన్ని ఒక కాలు కింద పెట్టి, పళ్లు బిగబట్టి కాసేపు ఆగి, రెండోది దించింది. మేం రొప్పుతూ వచ్చి అక్కడే నిలబడ్డాం. ఎవరూ ఇంటిదారి పట్టలేదు.

"రేపు నాకు కిటికీ సీటు కావాలి," అన్నాడు దర్జీ, ఎటో చూస్తూ.

డ్రైవరు ముందుకీ వెనక్కీ జరుపుతూ బండిని తిప్పుతున్నాడు. కండక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ ఎంతమంది ఎక్కుతారో చూడ్డానికి రేపు పొద్దున మొదటి ట్రిప్పులో మేనేజరుగారే స్వయంగా వస్తున్నారు. నేను చెబితే ఉద్యోగం కోసం చెబుతోందంటారు. మీరు ఇంటింటికీ తిరిగి కబుర్లు వినే మనిషి, ఇవాళ మీరే కాస్త చెప్పి రండి. రేపు ఎవరూ కిందికి నడవొద్దు, ఇక్కడే ఎక్కమనండి. ఒక్కరోజు వేషం వేయమని కాదు, ఆ తర్వాత కూడా వీలైనన్ని రోజులు ఎక్కాలి. దర్జీగారిని వెంటబెట్టుకెళ్లండి, ఆయనే ఎక్కుతున్నాడంటే వీధిలో ఎవరికీ సాకు మిగలదు. ఎవరన్నా టీ ఇస్తే మాత్రం కూర్చోకండి అన్నయ్యగారూ, కబుర్లలో పడ్డారంటే ఇక మీరు లేవరు."