నరసప్ప కట్టిన రెండు పాటలు

వల్లూరులో ఓబమ్మ సోలార్ ప్యానెళ్లు కడుగుతుంది. అవి నిలబడిన నేల ఒకప్పుడు ఆమె శెనక్కాయల చేను. భర్త నరసప్ప చెక్కభజన గురువు. భజనలో గురువు ఒక వరస అంటే దళం అందుకోవాలి. అందుకోకపోతే పాట లేదు.

సోలార్ పార్కు వచ్చిన కొత్తలో నరసప్ప కంపెనీవాళ్లతో శాలువా కప్పించుకుని పాట కట్టాడు: "ఎండే పంటాయె ఓరన్న, ఎండిన చేనే సిరులాయె ఓరన్న." ఆ పాట విని చేలు కౌలుకిస్తూ సంతకాలు పెట్టినవాళ్లున్నారు. భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది. ఆ చేలల్లో కలుపు తీసి బతికిన ఆడవాళ్లకు ఏమొచ్చింది? వాళ్లు నరసప్పనే నిలదీశారు. ఆయన చాన్నాళ్లు చెక్కలు ముట్టలేదు. ముట్టిన రోజు ఇంకో పాట కట్టాడు: "ఎండకు కౌలు ఇచ్చినారు ఓరన్న, ఎండినోళ్లను మరిచినారు ఓరన్న." మొదటి పాట పాడిన తన నోటిని అందులో తానే తిట్టుకున్నాడు.

ఆయన పోయి ఏడాదయింది. పార్కులో సెక్యూరిటీ సూపర్‌వైజరైన కొడుకు హనుమంతరాయ, పార్కు కాంట్రాక్టరు ఖర్చుతో వర్ధంతి పెట్టాడు. నాయన పాటలన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించి పంచాలని ఆలోచన. అవి ఓబమ్మ దగ్గరున్న ఫోన్లోనే ఉన్నాయి.

"రెండోది వద్దులేమ్మా. నా ఉజ్జోగం ఉండాది గదా."

పావగడ నుంచి వచ్చిన కూలీల సంఘం కార్యకర్త ప్రతిభ ఇంకో మాట చెప్పింది. "మొదటిది తీసేద్దామక్కా. ఆయన పేరు చెడిపోతాది."

ఓబమ్మకు ఒళ్లు మండింది. "ఏంది మీరిద్దరూ? ఆయప్పను చెరిసగం కోసుకుంటారా? శాలువా కప్పుకున్నోడూ ఆయప్పే, ఏడ్చినోడూ ఆయప్పే. ఇస్తే రెండూ ఇస్తా. లేదంటే ఒగటీ ఇయ్యను."

"ఫోను నాయనది గదమ్మా. నాకూ హక్కుండాది."

"తీసుకోప్పా. పాట నా నోట్లో ఉండాది."

వర్ధంతి రోజు మైకు ఆమే అందుకుంది. మొదటి పాట ఎత్తగానే దళం చెక్కలు వాయిస్తూ అందుకుంది. కాంట్రాక్టరు చప్పట్లు కొట్టాడు. రెండోది ఎత్తింది. దళంలో అందరూ పార్కు కావలివాళ్లే. హనుమంతరాయ ముఖం చూసి నోరు మూసుకున్నారు. అతను మైకు ఆపేశాడు.

ఓబమ్మ ఆగలేదు. ఇటు తిరిగి వరస అంది, అటు తిరిగి తానే అందుకుంది. గొంతు బొంగురుపోయినా చివరి చరణం దాకా అంతే. కాంట్రాక్టరు మధ్యలోనే లేచిపోయాడు.

"నా కొంప ముంచితివి గదమ్మా!"

"మీ నాయన శానా కొంపలు ముంచినాడు. ఒప్పుకున్నాడు. ఆ మాట దాసిపెట్టేకి నువ్వెవురు?"

పెన్‌డ్రైవు రాలేదు. మర్నాడు ప్యానెళ్ల దగ్గర ఒకప్పుడు ఆ చేలల్లో కలుపు తీసిన తోటి కూలీ ఒకామె అడిగింది, రెండో పాట నేర్పమని.

"ముందు మొదటిది నేర్చుకో."

"థూ! మా పొట్టగొట్టిన పాట నేనెందుకు పాడాలే?"

"ఎట్ల నమ్మి చెడినామో పాడకుండా తిట్లు మాత్రం పాడితే, రేపు ఇంకోడు శాలువా తెచ్చినా గుర్తుపట్టలేరు మన పిల్లోళ్లు. ఊఁ, నోరు తెరువు."