మా ఆయనలో సరుకు అయిపోయిందట

మా ఆయనలో సరుకు అయిపోయిందన్న సంగతి, ఆయనతో కాపురం చేస్తున్న నాకంటే ముందు కాలనీ అంతటికీ తెలిసింది. కూరగాయల బండి దగ్గర ఒకావిడ వంకాయలు ఏరుతూ, "మీ సారు మునుపటి లెక్క తీస్తలేడంట గదా మేడం" అంది, మంచాన పడ్డవాళ్లను పరామర్శించే గొంతుతో. నేను బెండకాయలు తీసుకుని వచ్చేశాను. ఆమెకు జవాబు చెప్పాలంటే ముందు ఆయన మునుపు ఏం తీసేవాడో చెప్పుకోవాలి. అది బండి దగ్గర నిలబడి చెప్పుకునే ముచ్చట కాదు.

మా ఆయన మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపరు లారీ నడుపుతాడు. డ్యూటీ లేని పూట దర్శకుడు. దెయ్యాల సినిమాలు తీసి యూట్యూబులో పెడతాడు. మామూలు దెయ్యాలైతే నాకింత బాధ లేదు. ఈయన దెయ్యాలకు ఒక పద్ధతీ పాడూ ఉండదు. ఒక దెయ్యం పాడుబడ్డ క్వార్టర్లో ఉంటూ, పక్కింటివాళ్లు టీవీ గట్టిగా పెడుతున్నారని అలుగుతుంది. ఇంకొకటి బతికున్నవాళ్లను చూస్తే భయపడి బీరువా వెనక దాక్కుంటుంది. ఇళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి కనబడతాయి. కెమెరా స్టాండుకు ఒక కాలు విరిగింది లెండి, అప్పటినుంచి ఆయనకు వంకర ఇళ్లంటే మోజు పుట్టింది. దెయ్యం కళ్ల చుట్టూ కాటుకకు బదులు బొగ్గుపొడి రాస్తాడు. మా దగ్గర కాటుకకు కరువు రావచ్చుగానీ బొగ్గుపొడికి రాదు.

పైగా ఆయన దెయ్యాలు పట్టపగలే తిరుగుతాయి. కారణం చాలా లోతైనది: రాత్రిళ్లు నటులకు నైట్ షిఫ్టు. కానీ ఖమ్మంలో సినిమాలు బాగా తెలిసిన ఒకాయన, ఎర్రటి ఎండలో భయం పుట్టించడం కొత్త ప్రయోగమనీ, ఇలా పాడుబడ్డ ఇళ్లలో పుట్టే భయాన్ని గోథిక్ అంటారనీ రాశాడు. ఆ మాట విన్న రోజునుంచి మా ఇంట్లో కుంటి కుర్చీ కూడా గోథిక్ అయింది. పారేయమంటే వినడు.

ఇంతకూ దెయ్యం నేనే. అన్ని సినిమాల్లోనూ. వేరే ఆడవాళ్లను అడిగితే వాళ్ల మొగుళ్లు ఊరుకోరట, నా మొగుడైతే ఊరుకుంటాడట. నేను కాలనీ బడిలో తెలుగు చెబుతాను. క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలు గప్‌చుప్ అయిపోతారు. మా హెడ్‌మాస్టరు అది నా బోధన గొప్పతనమనుకుంటాడు. నేను జుట్టు విరబోసుకోకుండా ఉన్నందుకు పిల్లలు మనసులో దేవుడికి దండం పెట్టుకుంటున్నారని ఆయనకు తెలియదు.

ఆయనలో ఏదో ఉందని నాకు నమ్మకం కుదిరింది జామాయిల్ తోట సినిమాతో. సారపాక దారిలో ఒక రైతు తోట చూసి ముచ్చటపడ్డాడు. చెట్లన్నీ గీత గీసినట్టు వరసగా ఉంటాయి, మంచు పడితే ఎటు చూసినా ఒకేలా కనబడి మనిషికి దారి తెలియదు. అక్కడ సగం సినిమా తీశాం. తర్వాత ఒకరికి మొదటి షిఫ్టయితే ఇంకొకరికి రెండోది, అందరికీ కలిసి తీరిక దొరికేసరికి చాలా రోజులు పట్టింది. తీరా మిగతా సగం తీద్దామని పోతే తోట లేదు. కాగితం మిల్లుకు కొట్టించేశారు. కనుచూపు మేర మోళ్లు. మేకప్పు వేసుకుని లారీ దిగిన నేను ఆ మోళ్ల మధ్య నిలబడి, హమ్మయ్య, ఇంటికి పోయి తల స్నానం చేయొచ్చు అనుకున్నాను. ఆయన ఒక మోడు మీద కూర్చుని బీడీ కాల్చి లేచాడు.

"దయ్యం నిద్ర లేచేసరికి అడివి లేదు. గంతే. నడువు, వెతుక్కుంట నడువు" అన్నాడు.

ఆ పూటంతా నేను మోళ్ల మధ్య నా ఇల్లెక్కడ అని వెతుక్కుంటూ తిరిగాను. ఆ సినిమా చూసి పినపాక వైపు పల్లెల్లోంచి కూడా జనం ఫోన్ చేశారు. ఒక ముసలాయన అయితే దెయ్యానికి ఇల్లు దొరికిందా లేదా అని అడిగి మరీ పెట్టేశాడు. ఏ పని చెడిపోయినా దాన్ని కథలోకి లాక్కోవడం ఆయన విద్య. వాన పడితే వాన కథలోకి వచ్చేది, నటుడికి గవదబిళ్లలు వస్తే అవీ వచ్చేవి.

ఇక దెయ్యం గొంతు. అది నాది కాదు, మా అత్తమ్మది. మనిషిని నేను, మాట ఆమెది. ఇంట్లో ఎలాగూ అదే పద్ధతి కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. బయటి చప్పుళ్లు పడకుండా ఆమె మీద బొంత కప్పి, చేతిలో ఫోను పెట్టి, పక్కన కూర్చుని మాటలు అందించేవాడు. మండు వేసవిలో కూడా. ఆయన "నీ నెత్తురు తాగుతా" అని రాస్తే, బొంత కిందనుంచి ఆమె, "ఛీ, నెత్తురు ఎవరన్న తాగుతరారా? మనిషి కనబడితే తిన్నవా అని అడుగుతరు" అనేది. ఇద్దరికీ పెద్ద గొడవ అయ్యేది. చివరికి ఆమె మాటే ఉండేది. అలా మా దెయ్యం ఎవరి పీకా పిసకదు. గుమ్మంలో నిలబడి, ఇంత ఆలస్యమెందుకైంది, ఆ చొక్కా ఏంది, ఎవరితో తిరుగుతున్నవ్ అని అడుగుతుంది. చూసేవాళ్లకు వెన్నులో చలి పుట్టేది. ఆమెతో ఒకే వంటింట్లో ఉన్న నాకు అది నటన కాదని తెలుసు కనుక చలి కూడా పుట్టేది కాదు.

అత్తమ్మ పోయింది. ఆయాసం ముదిరి దవాఖానాలో కొన్నాళ్లుండి పోయింది. మా ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు సర్దాడు, చాయ్ అందిందా అని ఒక్కొక్కరినీ అడిగాడు, పాడె కట్టేవాళ్లకు తాడు సరిపోదేమోనని ఇంకో చుట్ట తెప్పించాడు. ఎంత ధైర్యమో అని అందరూ మెచ్చుకున్నారు. దినకర్మలు కాగానే డ్యూటీకి పోయాడు. ఏది జరిగినా కథలోకి లాక్కునే మనిషి, దీన్ని మాత్రం ఎటూ లాక్కోలేక అలాగే వదిలేశాడని నాకప్పుడు తట్టలేదు.

తర్వాత సినిమాలో దెయ్యానికి ఫోనులో ఉండే యంత్రం గొంతు పెట్టాడు. అది "నేను వచ్చేశాను" అంటే, ఏ ప్లాట్‌ఫారం మీదికి అని అడిగారు జనం. దాని తర్వాతి సినిమాకు ఖమ్మం నుంచి ఒక పాటలు పాడే అమ్మాయిని పిలిపించాడు. గొంతు తేనె. ఆ దెయ్యాన్ని చూసి ఎవరూ పారిపోలేదు, ఇద్దరు ముగ్గురు పెళ్లి చేసుకుంటామని రాశారు. ఇంట్లో గొంతున్న మనిషిని ఒకదాన్ని నేనున్నాననీ, క్లాసులో చివరి బెంచీ దాకా వినబడేలా మాట్లాడతాననీ ఆయనకు తోచలేదు. నేనూ అడగలేదు. ఒకప్పుడు వద్దని మొత్తుకున్న పనిని నాకియ్యమని అడుక్కోవడానికి నాకు మాత్రం రోషం ఉండదా? కానీ కడుపులో మంటగానే ఉండేది.

అప్పుడొచ్చింది ఆ వీడియో. ఖమ్మం కుర్రాడొకడు, సినిమాలను చీల్చి చెండాడటమే వృత్తిగా పెట్టుకున్నవాడు, మా ఆయన ఫొటో పక్కన ఎర్రటి ప్రశ్నార్థకం పెట్టి, ఈయన పని అయిపోయిందా అని పేద్ద చర్చ చేశాడు. కింద జనం తీర్పులు. సరుకైపోయింది అని ఒకరు. అసలెప్పుడుంది అని ఇంకొకరు. షిఫ్టు బస్సులో, బార్బర్ షాపులో, బ్యాంకు లైన్లో ఇదే మాట. బొగ్గు ఎన్ని టన్నులు తవ్వారో తప్ప మరో విషయం మాట్లాడని మా కాలనీలో ఇంతమంది సినీ విమర్శకులున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశాడు. ఒకరోజు అన్నం సగం వదిలేసి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "వాళ్లన్నది నిజమేనే. ఇగ ఈ ఒక్కటి తీసి బంద్ పెడ్త. కెమెరా ఎవరికన్న ఇచ్చేస్త."

ఆ మాట వినాలని ఎన్ని ఆదివారాలు కోరుకున్నానో. జుట్టులో బొగ్గు వదిలించుకుంటూ, ముళ్లు పీక్కుంటూ, ఈ మనిషికి ఈ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని శపించుకున్నదాన్ని. తీరా విన్నాక భయమేసింది. ఎందుకంటే పిచ్చి వదులుతున్న మనిషి ఎలా ఉంటాడో అప్పటికే చూస్తున్నాను. ఏ కూర వండినా బాగుందంటాడు. పుట్టింటికి పోతానంటే పోయిరా అంటాడు. కుంటి కుర్చీ పారేయమంటే పారేశాడు. కాలనీలో ఆడవాళ్లందరూ కోరుకునే మొగుడు. నాకు మాత్రం ఎవరో పరాయి మనిషిని ఇంట్లో పెట్టుకున్నట్టుగా ఉండేది. సరుకు అయిపోతే సినిమాలు పోతాయి, పోనీ. మనిషే పోయేలా ఉన్నాడు.

ఆఖరి సినిమా గని విస్తరణ కోసం ఖాళీ చేయించిన పాత క్వార్టర్లలో మొదలైంది. తలుపులూ కిటికీలూ ఎవరో ముందే పట్టుకుపోయారు. మైకు కర్ర పట్టుకోవడానికి ఆయన దోస్తు వచ్చాడు, అదే గనిలో ఎలక్ట్రీషియన్. మొత్తం యూనిట్ మేం ముగ్గురమే. ఈసారి దెయ్యానికి మాటలే లేవు. మూగ దెయ్యం. అదొక కొత్త ఆలోచన అన్నాడు దోస్తు, మొహమాటానికి.

వంటింటి గుమ్మంలో నిలబడమన్నాడు. నిలబడ్డాను. మునుపైతే కనుబొమ్మ ఎంత లేపాలో, పైట ఏ భుజం మీదనుంచి జారాలో చెప్పి చంపేవాడు. ఆ రోజు కెమెరా ఆన్ చేసి ఊరుకున్నాడు.

"ఎట్ల చెయ్యాలె?" అన్నాను.

"నీ ఇష్టమున్నట్టు చెయ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బొగ్గుపొడి కళ్లలో పడి మండుతోంది, అది వేరే మంట.

"నా ఇష్టమేందయ్యా? ఇన్నేండ్లు ఎన్నడన్న అడిగినవా నా ఇష్టం?" అని అందుకున్నాను. "ముఖం చూస్కున్నవా అద్దంల? గడ్డం చూడు. సగం అన్నం ఇడిచిపెట్టి లేస్తవ్. ఎవడో పోరగాడు సరుకైపోయిందంటే నిజమే కావచ్చని కూసుంటవ్. నీ అవ్వ పోయినప్పుడు ఏడ్వాలె, ఏడ్వకుంట కుర్చీలు సదురుకుంట తిరిగినవ్. సచ్చినోళ్లు మల్లొస్తరని ఇన్ని సినిమాలు తీసినోనివి, నీ ఇంట్ల మనిషి సచ్చిపోయిందని ఒప్పుకోనీకి నీకు చాతగాలే. ఇగో, ఎండ నెత్తి మీద కొడ్తాంది, తువ్వాల చుట్టుకోవాలని గుడ తెల్వది నీకు."

ఆ తువ్వాల మాట నా నోట్లోంచి వచ్చాకగానీ నాకు తెలియలేదు, తిడుతున్నది నేనొక్కదాన్నే కాదని. పెద్ద మాట అనేసి గుండె కోసి, ఆ వెంటనే తువ్వాలో చెప్పులో గుర్తుచేసి దించడం మా అత్తమ్మ తీరు. అరవకుండా, కొంచెం బొంగురుగా. ఆమె బతికుండగా నేను ఎన్నడూ అలా మాట్లాడి ఎరగను.

స్టాండు కిర్రుమంటోందనుకున్నాను మొదట. కాదు. ఆయన కెమెరా వెనక గొంతుక్కూర్చుని ఏడుస్తున్నాడు. మోకాళ్లలో తల పెట్టుకుని, చిన్నపిల్లవాడు ఏడ్చినట్టు, అవ్వా అవ్వా అని తల్లిని పిలుచుకుంటూ. దోస్తు మైకు కర్ర దించడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కెమెరా ఎవరూ ఆపలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు. "నిన్నే గొంతియ్యమని అడుగుదామనుకున్న. నీ మాట అవ్వ మాట లెక్కనే అయితాంది. ఇననీకి ధైర్యం రాలే." అచ్చం అత్తలా ఉన్నావని మొగుడి నోట వినడం ఏ కోడలికీ రాకూడదు. అయినా ఆ పూట ఆయన కంచం ఖాళీ చేసి లేచాడు, నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత ఆ తిట్లన్నీ, కెమెరా వెనకనుంచి వినబడ్డ తన ఏడుపుతో సహా, సినిమాలో ఉంచుతానన్నాడు. నేను ఒప్పుకోనన్నాను, బడిలో నా పరువేం కావాలని. ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు. నీకు సినిమా గురించి ఏం తెల్సు, తువ్వాల మాట కాడ ఒక్క క్షణం ఆపి కోస్తె ఎట్లుంటదో నీకేం తెల్సు అని. ఎన్ని నెలలైందో ఆయన నా మీద అరిచి. ప్రాణం లేచొచ్చింది. గెలవడానికి నేను కూడా ఇంకాసేపు పోట్లాడి ఓడిపోయాను.

సినిమా పెట్టాడు. ఖమ్మం కుర్రాడు ఇంకో వీడియో చేసి, తను ముందునుంచీ ఈయనను నమ్ముతూనే ఉన్నానన్నాడు. కూరగాయల బండి దగ్గరి ఆవిడ, మేడం మీ తిట్లు మా ఇంటాయనకు కూడ వినిపించిన, అంది. సరుకు ఉందా పోయిందా అన్న చర్చ ఇప్పటికీ సాగుతోంది, సాగనీ.

ఒక సాయంత్రం ఆయన కామెంట్లు చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఫోను నా చేతికిచ్చాడు. ఎవరో రాశారు: "అన్నా, దయ్యం సూపర్. గానీ కెమెరా ఎనక ఏడ్చినాయన ఎవరు? గంత మంచి యాక్టర్‌ను ఎక్కడ పట్టినవ్?"

"ఏం రాయాలె?" అన్నాడు. ఆయన కళ్లు మళ్లీ నిండి ఉన్నాయి.

నేనే రాశాను. మా అత్తమ్మ కొడుకు.