గాలికి వారాలు తెలియవు

మన భాషలో తడి వేరు, చెమ్మ వేరు, తేమ వేరు. చేతికి అంటితే తడి, గోడకు పడితే చెమ్మ. దేనికీ అంటకుండా గాలిలో తిరిగేది తేమ. ఆ మూడోదాన్ని పట్టుకోవడమే పనిగా బతికిన ఒకాయన ఇంట్లో నేను కొన్నాళ్లు అద్దెకున్నాను. ఈ ముసలి వయసులోనూ ఒకచోట కాలు నిలవని నాకు అన్నాళ్లుండడమే గొప్ప.

ఆయన్ని అందరూ బుడగల మావయ్య అనేవారు. నిజానికి ఆయన ఒక్క మేనకోడలికే మావయ్య. ఆమె ఫోనులో పిలిచే పిలుపు విని వాతావరణ కేంద్రమంతా అదే పట్టుకుంది.

రోజూ పొద్దున్నే మనిషెత్తు బెలూను వదలడం ఆయన పని. దాని కింద వేలాడే చిన్న పెట్టెలో, తేమ కొలిచే గోరంత బిళ్ల ఉంటుంది. పైకి పోతూ ఎంత ఎత్తులో ఎంత తేమ ఉందో కిందికి చెబుతుంది. ఆ అంకెల్ని ఉపగ్రహం పంపే అంకెలతో పోల్చి చూడడం నగరంలో మేనకోడలి ఉద్యోగం. "కిందనుంచి నేను, పైనుంచి అది. ఆకాశం గుట్టంతా మా ఇంట్లోనే ఉంది" అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు వానలు వెళ్లాక ఆమె చెప్పాపెట్టకుండా దిగింది.

"ఏంటే, నా మీద బెంగ పుట్టిందా?"

"నీ గాలి మీద. ఎండిపోతోంది మావయ్యా."

"నేను ఎండిపోయానంటే ఒప్పుకుంటాను. గాలేం చేసింది? నీ ఉపగ్రహానికే కళ్లజోడు కావాలేమో!"

ఆమె నవ్వలేదు. "చుట్టుపక్కల కేంద్రాలన్నీ దానితో కలుస్తున్నాయి. నీవి సోమవారం బాగానే ఉంటాయి, శనివారానికి తేమ బాగా తగ్గుతుంది. గాలికి వారాలు తెలియవు కదా?"

ఆమె నేరుగా పక్కనే ఉన్న కేంద్రంలోని బెలూన్ల గదికి నడిచింది. వెనకే ఆయన, ఆయన వెనక నేను.

ఆ పెట్టెలు గాలి చొరని కవర్లలో వస్తాయి. బెలూను వదిలే ముందే విప్పాలి. ముందుగా విప్పితే గదిలోని రంగుల వాసనలూ ఆవిర్లూ బిళ్లకు పట్టి, అది తేమను తక్కువ చెబుతుంది. బల్ల మీద వారానికి సరిపడా పెట్టెలు, అన్నీ విప్పేసి, వరుసగా ఉన్నాయి.

"ఇదేంటి మావయ్యా? ఇంకొకరు చేస్తే నువ్వే చెవి మెలేస్తావుగా!"

చంకల్లో దాచుకున్న చేతులు ఆయన మెల్లగా ముందుకు చాపాడు. రెండూ వణుకుతున్నాయి.

"పొద్దున తొందరలో విప్పలేనే. ఆదివారం కూర్చుని నిదానంగా విప్పుకుంటున్నా."

"ఎప్పటినుంచి?"

"నీ ఉపగ్రహాన్నే అడుగు." నవ్వబోయాడు. "చేతుల సంగతి నీ నివేదికలో రాయకే. కవర్లు చిరిగి వచ్చాయని రాసెయ్. తెలిస్తే నన్ను బెలూను ముట్టుకోనివ్వరు."

"అలా రాస్తే ఏది ఎప్పుడు చిరిగిందో ఎవరికి తెలుస్తుంది? నీ కొలతలన్నీ పారేస్తారు. ఆదివారం విప్పావని తెలిస్తే, ఏ రోజుది ఎంత తగ్గిందో లెక్కగట్టి సరిచేసుకోవచ్చు."

నా తిరుగుళ్లలో చూపు పోయిన దర్జీని చూశాను, చెవులు పోయిన వాయిద్యగాణ్ణి చూశాను. ఇద్దరూ చివరిదాకా బుకాయించారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఆయన ఆ పెట్టెల్లో ఒకదాన్ని తీసి మళ్లీ వరుసలో పెట్టాడు. "ఆ గాలిని మళ్లీ కొలవలేం కదే" అన్నాడు. "రాయి. వణుకనే రాయి."

రాసింది. రాస్తూ ఏడ్చింది. కొలతలు నిలబడ్డాయి. ఆయన్ని మాత్రం సామాన్ల గదికి మార్చారు. బెలూను లేచే వేళకు ఆ గది కిటికీ మూసి ఉండేది.

కొన్నాళ్లకు నేను టీ పోస్తుంటే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగమే పొయ్యండి, పెద్దాయనా."

"రోజూ నిండుగా తాగేవారుగా?"

"తాగానని మీరనుకున్నారు. మీరటు తిరగ్గానే తూములో పోసేవాణ్ణి. ఇంకెవరి దగ్గర దాచాలి?"

సగం గ్లాసును రెండు చేతులా పట్టుకుని, చొక్కా మీద ఒలుకుతున్నా తుడుచుకోకుండా, నా ఎదుటే తాగాడు.