నాలుగు వేళ్ళ గడ్డి

పోయిన వారం బుధవారం పొద్దున, ఇక్కడ కువైట్‌లోనే వఫ్రా పొలం నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నాయనతో పాటు పశువుల దగ్గర పనిచేసే బంగ్లాదేశ్ మనిషి హిందీలో రెండే ముక్కలు చెప్పాడు. చిన్నాయన నీళ్ళ తొట్టి దగ్గర కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. కాగితాలన్నీ పూర్తయి, పెట్టె విమానమెక్కి, ఆయన అన్నమయ్య జిల్లాలోని మా ఊరి మట్టికి చేరడానికి వారం పట్టింది. నేను రుమైథియాలో ఒక ఇంటి డ్రైవర్ని, వెంట పోలేకపోయాను. మట్టికి పోయినవాళ్ళు ఆయన మంచివాడని చెప్పే ఉంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

నన్ను ఎరిగినవాళ్ళకు నా గొంతు కూడా తెలుసు. శుక్రవారాలు అహ్మదిలో ఒక మిత్రుని గదిలో జరిగే మన సత్సంగంలో ఎన్నో ఏళ్ళుగా గ్రంథం విప్పి మాట్లాడుతున్నాను. నాకు ఏ గురువూ చెప్పలేదు. బడి విడిచేదాకా ఆ ఇంటి పిల్లల కోసం కారులో కాచుకుంటూ నేర్చుకున్న చదువది. నేర్చుకున్నదానికన్నా గట్టిగా అరవడం నాకు అలవాటు. ఆ అరుపు కింద ఒకరోజు చిన్నాయన పడ్డాడు.

ఆయన మా నాన్న తమ్ముడు. తనకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, పొలంలో మాంసానికి పెంచే పశువుల్ని చూసేవాడు. గోమాతను కత్తికోసం మేపి జీతం తీసుకునేవాడికి ఏ లోకం ఉంటుందని నేను నిండు గదిలో అడిగాను. పేరెత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది, ఆ గదిలో అలాంటి పని చేసేవాడు ఆయనొక్కడే. చివరి వరుసలో కూర్చుని ఆసాంతం విన్నాడు. ప్రసాదం తీసుకున్నాడు. బయట చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

"నా చేతికింద ఉండేన్నాళ్ళు వాటికి ఆకలీ భయమూ తెలీకూడదబ్బీ. ఆ తర్వాతది నా చేతుల్లో లేదు. ఒకసారి వచ్చి సూడు."

ఆ పొలం సంగతి మీకు చెప్పాలి. చిన్నాయన రాకముందు అక్కడ పశువులు ఎక్కువ, గడ్డి తక్కువ. లారీల కొద్దీ ఎండుగడ్డీ దాణా కొనేసరికి ఏటా నష్టమే. ఈయన వచ్చీరాని అరబీలో, సగం పశువుల్ని అమ్మేయమని కఫీల్‌కు చెప్పాడట. పిచ్చివాడనుకున్నాడట కఫీల్. అయినా విన్నాడు. బావినీళ్ళ ఉప్పును తట్టుకునే గడ్డి వేసి, నేలను మడులుగా చేసి, నడుమ సన్నటి కరెంటు తీగ కట్టారు. చిన్నాయన దగ్గర ఒక కర్ర ఉండేది. దాని మీద రెండు గాట్లు. గడ్డి మూరెడు ఎత్తు పెరిగి పై గాటు అందుకుంటే తీగ తీసి పశువుల్ని వదలాలి. మేసి మేసి నాలుగు వేళ్ళ ఎత్తున్న కింది గాటుకు వస్తే పక్క మడికి తోలాలి. నేలకు ఎరువు వేసే పని కూడా పశువులదే. ఎండాకాలంలో తెల్లారకముందే మేపి, పొద్దెక్కేసరికి నీడకు తోలేవాడు. కువైట్‌లో పశువుల్ని ఎవుడైనా కొంటాడు, గడ్డి నిలబడాల గదా, అనేవాడు. మూడో ఏటికి పొలం లాభం చూసింది.

కోతకు తీసుకుపోయే లారీ వచ్చిన రోజు పశువుల మీద ఎవరినీ కర్ర ఎత్తనిచ్చేవాడు కాదు. పచ్చిగడ్డి చేతబట్టుకుని తానే ముందు నడిచేవాడు. ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

ఒక వేసవిలో వడదెబ్బకు రెండు పశువులు పోయాయి. ఇంకొకటి చస్తే పొలం ఖలాస్, నీ ఇఖామా ఖలాస్ అన్నాడు కఫీల్. అంటే పొలం మూసేసి, ఈయన్ని దేశం నుంచి పంపేయడమే. ఇది తెలిసి కూడా, ఆ చలికాలం నేను సత్సంగం నుంచి నలుగుర్ని వెంటబెట్టుకుని పోయాను. గోగ్రాసం పెట్టి చిన్నాయన పాపం కొంతైనా కడుగుదామని నా ఉద్దేశం.

ఆయన దూరంగా బావి మోటారు దగ్గరున్నాడు. మేసేసిన మడిలో పశువులు తీగ వైపు చూస్తూ అరుస్తున్నాయి. పక్కనే మేత కోసం వేసిన లేత లూసర్న్ గడ్డి, మంచుతో తడిసి ఉంది. నా గుండె కరిగింది. కోసి, పసుపు కుంకుమ చల్లి, మోపులు మోపులు పెట్టాము. శ్లోకాలు చదివింది నేనే.

తడి లేత లూసర్న్ కడుపులో గాలి పట్టిస్తుందని నాకు తెలీదు. గంట తిరగకముందే నాలుగింటికి ఎడమ డొక్కలు డప్పుల్లా ఉబ్బాయి. చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. నోళ్ళకు అడ్డంగా కట్టెలు కట్టి, వంటనూనె పోసి, మాచేత వాటిని నడిపించాడు. మూడు తేరుకున్నాయి. ఎర్రగిత్త కూలబడింది. దాని డొక్క మీద జానతో కొలిచి, పశువుల డాక్టరు ఇచ్చి ఉంచిన బోలు సూది దింపాడు. గాలి బుస్సున వచ్చింది. కాసేపటికి గిత్త లేచింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నువ్వు మొగం సూసినావబ్బీ. మేపేటోడు డొక్క సూడాల. అరిసిందని పెడితే అది దయ గాదు."

సాయంత్రం కఫీల్ వచ్చి గాయం చూసి ఎవరు చేశారని అడిగాడు. నేను సంచిలో గ్రంథంతో అక్కడే నిలబడి ఉన్నాను. తప్పు నాదే అన్నాడు చిన్నాయన. పశువు బతికింది గనుక ఇఖామా నిలిచింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన, మరుసటి నెల ఊరికి పోవాల్సిన సెలవు మాత్రం ఖలాస్ అయింది. నేను సంచి భుజాన వేసుకుని, నలుగురితో కలిసి కారెక్కి వచ్చేశాను.

మరుసటి శుక్రవారం ఆయన ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చున్నాడు. ఆయన పని గురించి ఆ తర్వాత నేను మాట్లాడలేదు. కానీ నిండు గదిలో అన్న మాటను నిండు గదిలో వెనక్కి తీసుకోనూ లేదు. ఆయన వినగలిగినన్నాళ్ళూ తీసుకోలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ తీసుకుంటున్నాను.

ఈ శుక్రవారం పొలానికి పోయాను. కొత్త మనిషి వచ్చేదాకా మడులు చెడకుండా ఉంటేనే పొలం నడుపుతానన్నాడట కఫీల్. పశువులు తీగ దగ్గర వరుసగా నిలబడి ఉన్నాయి. నన్ను చూసి అరవడం మొదలుపెట్టాయి. తీగ తీద్దామా అన్నాడు బంగ్లాదేశ్ మనిషి. తొట్టికి ఆనించి ఉన్న చిన్నాయన గాట్ల కర్ర తీసుకెళ్ళి పక్క మడి గడ్డిలో నిలబెట్టాను. పై గాటుకు ఇంకా రెండు వేళ్ళు తక్కువ. వంగి వాటి డొక్కలు చూశాను. నిండుగానే ఉన్నాయి.

తీగ తీయలేదు. అవి అరుస్తూనే ఉన్నాయి. కర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాను.